పాళీ దగ్గర దాపరికం లేదు: ఇటాలిక్ పద్ధతిలో చేతిరాత బాగుచేసుకోవడం ఎలా

నా చేతిరాత ఒకప్పుడు ఎలా ఉండేదంటే, నేనే రాసుకున్న ఫోన్ నంబర్లో ఒకటేదో ఏడేదో తేల్చుకోలేక ముక్కూమొహం తెలియని ఇద్దరికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ తర్వాత అందరూ చేసే పనే నేనూ చేశాను. మంచి ఇంకు పెన్ను కొన్నాను. అవే కోడిగీతలు వచ్చాయి, కాకపోతే నిగనిగలాడుతూ వచ్చాయి. రాతలో కదలిక మొదలైంది చాలా తర్వాత, మొన చదునుగా ఉన్న పాళీ చేతికొచ్చాక.

మామూలు పాళీ చివర చిన్న గుండ్రటి పూస ఉంటుంది. ఎటు లాగినా గీత ఒకే మందంలో పడుతుంది కాబట్టి చెయ్యి మెలితిరిగినా, పట్టు మారినా కాగితం మీద పెద్దగా తెలియదు. ఇటాలిక్ పాళీ మొన ఉలి అంచులా ఉంటుంది. ఒక వైపు లాగితే మందంగా, ఇంకో వైపు లాగితే వెంట్రుకలా సన్నగా గీస్తుంది. చెయ్యి కాస్త తిరిగితే చాలు, మందంగా రావలసిన గీత సన్నబడి అక్కడికక్కడే దొరికిపోతాం. పక్కన గురువు లేకుండా నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు.

ఇటాలిక్ అనగానే కంప్యూటర్లో పక్కకి వాలే అక్షరాలు గుర్తొస్తాయి. చేతిరాతలో వాలు చిన్న సంగతి. 15వ శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్‌లో నికొలో నికొలి లాంటి పండితులు పాత గ్రంథాలకి నకళ్ళు రాసుకుంటూ, త్వరగా సాగడం కోసం కుదుర్చుకున్న రాత ఇది. తర్వాత రోమ్‌లో పోప్ కార్యాలయపు గుమాస్తాల చేతుల్లో స్థిరపడింది. అక్కడ పనిచేసిన లుడోవికో అర్రిగి 1522 నాటి తన చిన్న పుస్తకంలో అక్షరాలన్నీ చెక్క దిమ్మల మీద చెక్కించి, ఈ రాత ఎవరైనా నేర్చుకునేలా అచ్చు వేయించాడు. ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ ఫెయిర్‌బ్యాంక్ 1932లో మళ్ళీ పాఠ్యపుస్తకం వేసి దీన్ని మామూలు జనం రాతగా నిలబెట్టాడు. రోజంతా కాగితాలు రాసే గుమాస్తాల రాత కాబట్టే ఇందులో గొలుసుకట్టు రాతలో ఉండే ఉచ్చులూ మెలికలూ లేవు. మనకి కావలసింది కూడా అదే: త్వరగా రాసినా చదవగలిగే రాత.

ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల గురించి. తెలుగు సంగతి చివర్లో చెబుతాను.

ఒకటి: ఇప్పటి రాతను పరీక్షకి పెట్టండి

రూళ్ళ కాగితం మీద ఎనిమిది, పది లైన్లు మీ మామూలు వేగంతో రాయండి. శ్రద్ధగా రాయొద్దు, హడావిడిలో ఎలా రాస్తారో అలాగే రాయండి. తేదీ వేసి పక్కన పెట్టండి. మర్నాడు ఒక రంగు పెన్సిల్ తీసుకుని మూడు పనులు చేయండి. చిన్న అక్షరాల తలల మీదుగా ఒక గీత కలుపుకుంటూ పోండి. అది ఎంత ఎగుడుదిగుడుగా ఉందో చూడండి. నిలువు గీత ఉన్న ప్రతి అక్షరానికీ ఆ గీతను పైకీ కిందికీ పొడిగించండి. తర్వాత అక్షరాల మధ్య ఖాళీలు చూడండి.

నా కాగితం మీద పొడిగించిన గీతలు గాలివానకి ఒరిగిన కంచెలా ఉన్నాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, ఒకటి నిటారుగా. విడివిడిగా చూస్తే అక్షరాలు అంత అధ్వాన్నంగా లేవు. చాలామంది రాతలో ఇదే తేలుతుంది: ఎత్తు, వాలు, ఎడం ఈ మూడూ ఎక్కడికక్కడ మారిపోవడమే అసలు జబ్బు. ఇవి కుదిరితే సాదాసీదా అక్షరాలు కూడా చూడముచ్చటగా ఉంటాయి.

దాంతో పాటు ఒకదానికొకటి పోలిపోతున్న అక్షరాలు ఏవో రాసుకోండి. ఎన్, యూ ఒకేలా ఉన్నాయా? ఏ (a) పైన మూసుకోక యూ (u) అయిపోతోందా? ఈ (e) అక్షరం లోపలి కన్ను పూడుకుపోయి ఐ (i) లా ఉందా? ఇలాంటివి మూడో నాలుగో దొరుకుతాయి. మీ సమయంలో మూడో వంతు వీటికే.

రెండు: పాళీ ఎంత వెడల్పు?

కొత్తవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఇటాలిక్‌లో అక్షరం సైజు పాళీ వెడల్పుని బట్టి ఉంటుంది. తలా తోకా లేని అక్షరాలు, అంటే ఏ, ఎన్, ఓ లాంటివి, ఐదు పాళీ వెడల్పుల ఎత్తు ఉండాలి. 1.5 మి.మీ. పాళీ అయితే 7.5 మి.మీ., 1.1 మి.మీ. పాళీ అయితే 5.5 మి.మీ. ఇక లెక్క మీరే వేయండి. 8 మి.మీ. రూళ్ళ నోట్‌బుక్‌లో మనం రోజూ రాసే చిన్న అక్షరం ఎత్తు సుమారు 3 మి.మీ. దానికి 0.6 మి.మీ. పాళీ చాలు. నేను 1.1 కొని అదే నోట్‌బుక్‌లో రాయబోతే ఏ, ఈల పొట్టలన్నీ ఇంకుతో పూడిపోయి చీమలు బారు కట్టినట్టు వచ్చింది. పెన్ను బాగోలేదని తిట్టుకున్నాను. తప్పు లెక్కలో ఉంది.

కాబట్టి సాధనకి 1.5 మి.మీ. పాళీతో పెద్ద అక్షరాలు రాయండి. రోజువారీ రాతకి సన్నటి ఇటాలిక్ పాళీ అయినా, మీ దగ్గరున్న మామూలు పెన్ను అయినా సరే. లామీ కంపెనీ 1.1, 1.5, 1.9 మి.మీ. పాళీలు అమ్ముతుంది; దాని చాలా పెన్నులకి పాళీ ఒక్కటే తీసి మార్చుకోవచ్చు. పైలట్ వాళ్ళ ప్యారలల్ పెన్ను మొన రెండు చదును రేకులు జత చేసినట్టు ఉంటుంది, 1.5 నుంచి దొరుకుతుంది. ఈ పేర్లే కావాలని లేదు. ఒక్క పెన్ను చాలు. ఐదు పెన్నులు కొంటే మిగిలేది ఐదు పెన్నులు కడిగే పని.

చదును పాళీల్లో కూడా రకాలున్నాయి. స్టబ్ అంటే మూలలు నున్నగా గుండ్రం చేసినది. మందం, సన్నం తేడా కాస్త తక్కువ, తప్పులు కాస్త క్షమిస్తుంది. క్రిస్ప్ ఇటాలిక్ అంటే మూలలు పదునుగా వదిలేసినది. గీత కత్తిరించినట్టు వస్తుంది కానీ పట్టు సరిగ్గా లేకపోతే కాగితంలో గుచ్చుకుంటుంది. కర్సివ్ ఇటాలిక్ ఈ రెండిటికీ మధ్యది. మొదలుపెట్టేవాళ్ళు స్టబ్ తీసుకోండి. నొక్కితే విచ్చుకునే ఫ్లెక్స్ పాళీ మాత్రం వద్దు, అది వేరే విద్య. అక్కడ నొక్కుడుతో మందం వస్తుంది, ఇక్కడ దిశతో వస్తుంది.

ఎడమచేతి వాటం వాళ్ళకి మొన ఏటవాలుగా కోసిన ఎడమచేతి పాళీలు ఉంటాయి. కాగితాన్ని కుడి వైపుకి బాగా తిప్పి, చేతిని లైను కింద ఉంచి రాస్తే ఇంకు అలుక్కుపోదు. త్వరగా ఆరే ఇంకు వాడితే ఇంకా మంచిది.

మూడు: ఇంకు, కాగితం, కింద పెట్టుకునే గీతలు

ఇంకు విషయంలో ఒక్కటే నియమం. ఇంకు పెన్ను కోసమని రాసి ఉన్న ఇంకు మాత్రమే పోయండి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకులో లక్క లాంటిది ఉంటుంది. అది లోపల ఎండితే పాళీకి ఇంకు అందించే ఫీడ్ పూడుకుపోతుంది, ఇక పెన్ను బాగుపడటం కష్టం.

కాగితం విషయంలో మందం చూసి మోసపోకండి. మందమైన కాగితం మీద కూడా ఇంకు పీచులు పీచులుగా పాకొచ్చు. ఒక లైను రాసి, ఆరాక దగ్గరగా చూడండి. గీత అంచున మీసాలు మొలిచినట్టుంటే ఆ కాగితం మీకు పనికిరాదు. మందం, సన్నం తేడా అంతా ఆ మీసాల్లోనే కలిసిపోతుంది. వెనక్కి తిప్పి ఇంకు ఎంత దిగిందో కూడా చూడండి. మరీ నిగనిగలాడే కాగితం మీద ఇంకు ఆరదు, మణికట్టు మీదే ఉంటుంది.

గీతల షీటు మీరే చేసుకోవాలి. పాళీని అడ్డంగా తిప్పి, పూర్తి వెడల్పు వచ్చేలా చిన్న చదరపు చుక్క వేయండి. దాని మూలకి ఆనించి పైన ఇంకొకటి, అలా మెట్లలా ఐదు. అదే మీ అక్షరం ఎత్తు. కింద అడుగు గీత, పైన నడుము గీత గీయండి. నడుము గీత పైన నాలుగు వెడల్పులు ఎల్, బీ, హెచ్ లాంటివాటి తలలకి. అడుగు గీత కింద నాలుగు వెడల్పులు జీ, వై, పీల తోకలకి. తర్వాత ఏటవాలు గీతలు. 8 సెం.మీ. పైకి వెళ్ళేసరికి 1 సెం.మీ. కుడికి జరిగితే సుమారు 7 డిగ్రీల వాలు వస్తుంది, అది చాలు. నల్లగా గీసిన ఈ షీటుని రాసే కాగితం కింద పెట్టుకుంటే గీతలు లీలగా కనిపిస్తాయి.

నాలుగు: కూర్చోవడం, పట్టుకోవడం

రాస్తున్నప్పుడు మీ బొటనవేలి గోరు చూసుకోండి. తెల్లబడుతోందంటే నొక్కేస్తున్నారు. బాల్‌పెన్ అలవాటే దీనికి మూలం. అది నొక్కితే తప్ప రాయదు. ఇంకు పెన్నుకి దాని బరువే చాలు, పాళీ కాగితాన్ని తాకితే ఇంకు దానంతటదే దిగుతుంది. నా మొదటి పెన్ను పాళీని ఈ నొక్కుడుతోనే పాడుచేశాను. మధ్య చీలికకి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ కప్ప నోరులా తెరుచుకుపోయాయి. వేళ్ళ మధ్య నుంచి పెన్నుని ఎవరైనా లాగితే తేలిగ్గా జారి రావాలి, అంత వదులుగా పట్టుకోండి.

పెన్ను వెనక భాగం చూపుడువేలి మొదలు దగ్గర ఆనుతుంది. నాలుగైదు అక్షరాలకోసారి ముంజేతిని కుడికి జరపండి. మణికట్టుని ఒకే చోట పాతేసి వేళ్ళు చాపుకుంటూ పోతే లైను చివరికి అక్షరాలు వాలిపోతాయి. పేజీ కిందికి వచ్చేకొద్దీ చెయ్యి కాకుండా కాగితం పైకి జరగాలి. బల్ల అంచున కాస్త ఏటవాలుగా పలక పెట్టుకుంటే మెడకి హాయి.

ఐదు: 45 డిగ్రీలు

ఇటాలిక్‌లో పాళీ అంచు అడుగు గీతతో సుమారు 45 డిగ్రీల కోణంలో ఉండాలి, అక్షరం ఏదైనా ఆ కోణం మారకూడదు. కోణమానిని అక్కర్లేదు. ప్లస్ గుర్తు వేయండి. నిలువు గీత, అడ్డ గీత ఒకే మందంలో ఉంటే మీరు 45 దగ్గర ఉన్నట్టు. నిలువు గీత మందంగా ఉంటే పాళీ మరీ చదునుగా పడుకుంది. అడ్డ గీత మందంగా ఉంటే మరీ నిటారుగా లేచింది.

తర్వాత జిగ్‌జాగ్. ఎడమ కింది నుంచి కుడి పైకి వెళ్ళే గీత వెంట్రుకలా రావాలి, అక్కడి నుంచి కుడి కిందికి దిగేది పాళీ పూర్తి వెడల్పుతో రావాలి. ఒక లైను నిండా ఇలా గీస్తే సన్నం, మందం, సన్నం, మందం. రోజూ పెన్ను తీయగానే ఒక లైను ప్లస్‌లు, ఒక లైను జిగ్‌జాగ్. పాటకి ముందు శ్రుతి చూసుకున్నట్టు.

పాళీ ఇంకా చేతికి రాకపోతే రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండ్లు వేయండి. రెండు మొనలూ కాగితాన్ని ఒకేసారి తాకాలి. దీంతో రాస్తే ప్రతి గీతకీ రెండు అంచులు పడతాయి. అక్షరం లోపల ఏం జరుగుతోందో ఎక్స్‌రేలో చూసినట్టు తెలుస్తుంది. మొనల మధ్య దూరం 7 మి.మీ. ఉంటే అక్షరం ఎత్తు ఐదు రెట్లు, అంటే 35 మి.మీ. అరచేతంత అక్షరాలన్నమాట. పాళీ ఉన్నవాళ్ళు కూడా కొత్త అక్షరం ఏదైనా ముందు ఇలా పెద్దగా రాసి చూడటం మంచిది.

ఆరు: ఎన్ దగ్గర ఆగండి

ఇరవై ఆరు అక్షరాలూ వరసగా దిద్దడం మొదలుపెట్టొద్దు. మొదటి వారమంతా ఎన్ ఒక్కటే. ఇటాలిక్ అంతా ఈ అక్షరంలో ఉంది.

పాళీని నడుము గీతకి కొంచెం కింద పెట్టి, సన్నగా ఒక చిన్న గీత పైకి లాగండి. నడుము గీత తాకగానే ఏటవాలు గీత వెంట కిందికి దిగండి. అడుగు గీత దగ్గర ఆగండి, చెయ్యి ఎత్తొద్దు. వచ్చిన దారినే, అదే నిలువు గీత మీదుగా వెనక్కి ఎక్కండి. సగం ఎత్తు దాటాక, మూడింట రెండు వంతుల దగ్గర, పాళీ ఆ గీతను వదిలి కుడికి బయటపడాలి. చెట్టు మాను నుంచి కొమ్మ చీలినట్టు. సన్నగా ఎక్కి, నడుము గీత దగ్గర భుజం తిరిగి, మొదటి గీతకి సమాంతరంగా మందంగా దిగాలి. అడుగున చిన్న కొసతో వదిలేయండి.

ఇప్పుడు కొమ్మ చీలిన చోటు చూడండి. నిలువు గీతకీ కొమ్మకీ మధ్య పదునైన సన్నటి తెల్ల త్రికోణం కనబడాలి. అడుగు నుంచే చీలిపోతే అక్షరం కాళ్ళు చాపుకున్నట్టుంటుంది. మరీ పైదాకా వెళ్ళి చీలితే అచ్చు పుస్తకంలోలా గుండ్రటి టోపీ వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ వేగం పెరిగితే విరిగిపోతుంది. నాకు ఈ త్రికోణం వరసగా మూడు అక్షరాల్లో సరిగ్గా పడటానికి తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు మళ్ళీ పోయింది, అది వేరే విషయం.

ఎన్ వచ్చాక కాగితాన్ని తలకిందులు చేసి చూడండి. అది యూ. కమాను అదే, దిక్కు మారింది, అంతే. బీ తిరగేస్తే క్యూ, పీ తిరగేస్తే డీ. అందుకే ఒక్క కమాను చేతికి పట్టుకుంటే సగం అక్షరమాల మీదే. ఎన్ నుంచి ఎమ్, హెచ్, ఆర్, బీ, పీ, కే వస్తాయి. యూ నుంచి వై. తర్వాత ఏ (a) కుటుంబం: ఏ, డీ, జీ, క్యూ. ఏ అక్షరం కుడి పై మూలలో మొదలై, నడుము గీత వెంట ఎడమకి జరిగి, దిగి, అడుగున మలుపు తిరిగి, సన్నగా మళ్ళీ మొదలైన చోటికే ఎక్కి, అక్కడి నుంచి నిలువుగా దిగుతుంది. లోపలి ఖాళీ గుడ్డులా కాకుండా మూలలు కాస్త తేరిన త్రికోణంలా ఉండాలి, దాని కుడి కింద మళ్ళీ అదే తెల్ల త్రికోణం. పైన మూసుకోవడం ముఖ్యం, లేదంటే మళ్ళీ యూ అయిపోతుంది.

ఓ, సీ, ఈ (o, c, e) అక్షరాలు కోడిగుడ్డు ఆకారాలు. ఎన్ కన్నా వెడల్పు కాకూడదు. వీ, డబ్ల్యూ, ఎక్స్, జడ్ సులువే, పాళీయే దారి చూపిస్తుంది. టీని పొడుగు చేయొద్దు, అడ్డ గీత నడుము గీత మీదే వస్తుంది, తల దాని పైకి కాస్త తొంగి చూస్తే చాలు. ఎస్ అందరినీ ఏడిపిస్తుంది. దానికి నా సలహా, మధ్య వెన్ను గీతను ముందు దాదాపు వంపు లేని ఏటవాలు గీతగా వేసి, పైనా కిందా కొసలు చిన్నవిగా తర్వాత తగిలించడం. కొసలు పెద్దవైతే పాము పడగ విప్పినట్టుంటుంది. పెద్ద బడి అక్షరాలు ఏడు వెడల్పుల ఎత్తు, అంటే ఎల్ తల కన్నా కొంచెం పొట్టి. వాటికి ఇప్పుడే తొందర లేదు.

ఏడు: ఎడం

ఇంగ్లీషులో మినిమమ్ అనే మాట రాయండి. అందులో ఉన్నవన్నీ నిలువు గీతలే. అక్షరం లోపలి ఖాళీ, రెండు అక్షరాల మధ్య ఖాళీ ఒకేలా పడితే మొత్తం మాట సమానంగా పాతిన కంచెలా కనిపిస్తుంది. ఎక్కడైనా కంచెలో సందు కనిపిస్తే అక్కడ తప్పు. ఈ ఒక్క మాటను రోజుకి రెండు లైన్లు రాయడం నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది.

రెండు నిలువు గీతలు పక్కపక్కన వస్తే ఎడం ఎక్కువ కావాలి, నిలువు గీత పక్కన గుండ్రం వస్తే కొంచెం తక్కువ, రెండు గుండ్రాలు వస్తే ఇంకా దగ్గరగా. స్కేలుతో కొలవొద్దు, మధ్యలో ఎంత తెలుపు పట్టిందో కంటితో తూకం వేయండి. మాటకీ మాటకీ మధ్య ఒక ఓ పట్టేంత చోటు చాలు. చాలామంది ఇక్కడ మరీ ధారాళంగా ఉంటారు, పేజీలో తెల్లటి ఏళ్ళు పారుతుంటాయి.

ఎనిమిది: కలపడం, ఆపడం

బళ్ళో గొలుసుకట్టు రాత నేర్చుకున్నవాళ్ళకి మాట పూర్తయ్యేదాకా చెయ్యి ఎత్తకూడదనే భయం ఉంటుంది. వదిలేయండి. ఇటాలిక్‌లో సహజంగా కలిసేవి మాత్రమే కలుపుతాం. ఏ, ఐ, ఎన్, యూ లాంటివాటి కొస దానంతటదే సన్నగా పైకి లేచి పక్క అక్షరంలోకి వెళ్తుంది. ఓ, వీ, టీ నుంచి నడుము గీత వెంట అడ్డంగా కలపొచ్చు. జీ, జే, వై, క్యూల తోకలు కిందికి దిగాక అక్కడే ఆగిపోతాయి. అక్కడి నుంచి ఉచ్చు వేసి పైకి రావడం దండగ, కింది లైనుకి తగులుతుంది. చెయ్యి ఎత్తినంత మాత్రాన వేగం తగ్గదు. ఉచ్చులు తిప్పే సమయం కన్నా ఎత్తి పెట్టే సమయమే తక్కువ.

తొమ్మిది: వేగం, రోజువారీ రాత

రోజుకి పావుగంట. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా రోజులు ఎగ్గొట్టడం కన్నా ఇది మేలు. చేతికి అలవాటు అలాగే పడుతుంది. మొదటి ఐదు నిమిషాలు ప్లస్‌లు, జిగ్‌జాగ్, మినిమమ్. తర్వాత ఐదు నిమిషాలు మీ చెడ్డ అక్షరాలు. చివరి ఐదు నిమిషాలు ఏదైనా పేరా ఎత్తి రాయండి.

నాలుగైదు వారాలకి అక్షరాలు నిలబడతాయి. అప్పుడు ఒకే వాక్యాన్ని మూడు సార్లు రాయండి: ఒకసారి చాలా నెమ్మదిగా, ఒకసారి మామూలుగా, ఒకసారి ఎవరో తరుముతున్నట్టు. మూడోదాంట్లో ముందుగా ఏ అక్షరం కూలిందో చూసి దాన్ని మర్నాటి పనిలో చేర్చండి. వేగం కోసం విడిగా సాధన చేయాల్సిన పనిలేదు, కూలినవాటిని నిలబెడుతూ పోతే అదే పెరుగుతుంది.

రోజువారీ రాతలో ఒక్క చోటు ఎంచుకోండి. నాకైతే చేయాల్సిన పనుల జాబితా. మిగతాదంతా ఎలా రాసినా ఆ జాబితా మాత్రం ఇటాలిక్‌లోనే రాశాను. పరీక్షలోనో, మీటింగ్‌లోనో అక్షరాల గురించి టెన్షన్ పడొద్దు, అక్కడ విషయం ముఖ్యం. మెల్లగా పెద్ద పాళీ నుంచి సన్న పాళీకి దిగండి. మందం, సన్నం తేడా మాయమైపోయినా కమాను, వాలు, ఎడం చేతిలోనే ఉంటాయి. జెల్ పెన్నుతో రాసినా కనిపిస్తాయి.

పెన్ను మొరాయిస్తే

గీతకి ఒక అంచు నున్నగా, రెండో అంచు చిరిగినట్టు వస్తుంటే పాళీ రెండు మూలలూ కాగితం మీద సమంగా ఆనడం లేదు. పెన్నుని వేళ్ళ మధ్య అణువంత తిప్పి చూడండి. గీరుకుంటున్నా కూడా ముందు ఇదే చూడండి, చాలాసార్లు పాళీ తప్పు ఉండదు. గరుకు కాగితం పెట్టి పాళీని అరగదీయాలని వెంటనే అనిపిస్తుంది, ఆ పని ఒకసారి చేసి ఒక పాళీ పోగొట్టుకున్నాను. మొదటి గీత రాకుండా మొరాయిస్తుంటే మొన ఎండి ఉంటుంది, తడి గుడ్డ తాకించండి. ఇంకు మార్చినప్పుడల్లా, లేదా కొన్ని వారాలకోసారి, నీళ్ళు తేరుకునేదాకా చల్లటి నీటితో కడగండి. వేడి నీళ్ళు, స్పిరిట్ వద్దు. ప్లాస్టిక్ భాగాలు పాడవుతాయి. నెలల తరబడి రాయకపోతే ఇంకు తీసేసి పెట్టండి.

ఇదే పాళీతో తెలుగు

తెలుగులో చాలా అక్షరాలు గుండ్రాలే కాబట్టి ఎన్ కమాను నేరుగా పనికిరాదు. పాళీ కోణం మాత్రం పనికొస్తుంది. 45 డిగ్రీలు మార్చకుండా క రాసి, పైన తలకట్టు పెట్టి చూడండి. చిన్నగా కిందికి దిగే భాగం పాళీ నిండు వెడల్పుతో, కుడి పైకి లేచే భాగం వెంట్రుకలా వస్తుంది. ఎవరూ నేర్పకుండానే తలకట్టు అందంగా పడుతుంది.

కష్టం వచ్చేది ఒత్తుల దగ్గర. ఐదు వెడల్పుల ఎత్తులో అక్షరం రాస్తే ఒత్తుకి కింద కనీసం మూడు వెడల్పులైనా వదలాలి, పైన గుడికి, ఏత్వానికి ఇంకో మూడు. అంటే ఇంగ్లీషుకి సరిపోయిన లైన్ల ఎడం తెలుగుకి ఇరుకవుతుంది. నేను తెలుగు రాసేటప్పుడు ఒక రూలు వదిలి ఒక రూలు మీద రాస్తాను. గుండ్రాలన్నీ ఒకే సైజులో పడుతున్నాయో లేదో చూడటానికి గ, ద, ర, ల వరసగా ఒక లైను, తర్వాత స్త్ర, క్ష్మ లాంటి బరువైనవి ఒక లైను. క్ష్మ నాకు ఇప్పటికీ కింది లైను మీద కూర్చుంటోంది.